ఇంట్లోళ్ల గొంతు

నల్లగొండ బస్టాండు, మధ్యాహ్నం. దవాఖానలో పరీక్ష ముగించుకొని వచ్చిన ప్రవళిక, ఆమె భర్త విజేందర్. రెండు నెలలుగా ఆమె తిరుమలగిరిలో తల్లి దగ్గరే ఉంటోంది.

“నెత్తికి కరెంటు గిట్ల పెట్టలే గదా?”

“పెట్టలే. వైర్ల టోపీ పెట్టిన్రు. జిగురు మందు రాసిన్రు. జుట్టు చూడు ఎట్లయిందో.”

“మరి గంటన్నర లోపట ఏం జేసిన్రు?”

“మాటలు వినిపిచ్చిన్రు.”

“మాటలా? గీ మాటల కోసం నేను మోటర్ల దుకాణం బందు వెట్టి రామన్నపేటకెల్లి వచ్చిన్నా?”

“నిన్నెవరు రమ్మన్నరు?”

“ఇంటికి తీస్కపోదామని వచ్చిన. రెండింటికి బస్సున్నది.”

“వస్తనని నేనన్ననా?”

“సరే, సరే. ఏం మాటలు?”

“నీయే. పోయిన బుధవారం నిన్ను రూముల కూసోబెట్టి చదివిపిచ్చి రికార్డు జేస్కున్నరు గదా.”

“ఆ కాయితమా? నలభై మాటలు. సగం మంచియి, సగం తిట్లు. నన్నెందుకు చదువుమన్నరో నాకైతే సమజ్ గాలే.”

“ముందుగాల పట్నం సారెవరో చదివిండట. ‘నిరర్థకం’, ‘సమర్థత’ అనుకుంట. మనోళ్లకు ఒక్కటి తెల్వలేదట. అందుకే మన దిక్కు మాటలు రాసి, ఇంట్లోళ్ల గొంతుతోని చదివిపిస్తున్నరు.”

“విని నువ్వేం జెయ్యాలె?”

“ఆ మాట నా గురించే అనిపిస్తే ఒక బటన్ వత్తాలె. కాదనిపిస్తే ఇంకోటి. మెదడు ఎట్ల జేస్తాందో కంప్యూటర్ల గీత వస్తది.”

“గీతలకేం తక్కువ. బారెడు పొద్దెక్కేదాంక పండుకునేదానికి గీతలు గూడనా. చేతగాక...”

“గదే. రికార్డుల గూడ ‘చేతగానిది’ అన్నవ్. గీత ఎగిరింది. నేను బటన్ వత్తకముందే ఎగిరింది. డాక్టర్ మేడం తర్వాత చూపిచ్చింది.”

“ఇప్పుడు నేనేమన్ననని...”

“‘దండుగ మనిషి’ అన్నవ్, ఎగిరింది. ‘ఇంటికి శని’ అన్నవ్. ఎగిరి చానసేపు దిగలే. గీ దిగులు బీమారి ఉంటే గట్లనే అయితదట. చెడ్డ మాటను పట్టుకుంటే మెదడు ఇడువదట. మందులేస్కుంటే తగ్గుతదన్నది. నా తప్పు కాదన్నది.”

“అంటే నా తప్పా? కాయితంల ఉన్నదే నేను చదివిన.”

“నీ తప్పని ఎవరన్నరు?”

“మంచియి గూడ చదివిన. గవి చెప్పవేం? గవి ఇన్నప్పుడు ఏమైంది?”

“ఏం గాలే.”

“ఏం గాలే అంటే?”

“గీత సక్కగ వోయింది. నేనే అడిగిన. మంచి మాటలు చదివినాయన ఎవరు మేడం, మా ఆయన చదివిన మంచియి వెట్టలేదా అని.”

“నేనే గదనే.”

“మేడం గూడ గదే అన్నది. మూడుసార్లు వెట్టిపిచ్చుకున్న. పదేండ్ల సంసారం. గా గొంతు నేనెప్పుడు ఇనలే.”

“ఏం ముచ్చట్లు గివి...”

“ఏడుపొచ్చింది. గీతలు కరాబైతయని ఏడ్వనియ్యలే.”

“అయిపోయింది గదా ఇగ. గదిగో బస్సొచ్చింది, లే. సంచి ఇయ్యి.”

“వస్త. ఒక్కటి చెప్పు.”

“ఏం చెప్పాలె?”

“గా మంచి మాటలల్ల ఒక్కటి. నన్ను చూసి చెప్పు. చెప్తే గీ బస్సే ఎక్కుత.”

“గింతమందిలనా?”

“మెల్లగనే చెప్పు. నాకినబడితే చాలు.”

“చెప్త. జర ఆగు. మొదటిది... గదేందో ఉండె...”

“ఆగిన.”

“కాయితం వాళ్లకే ఇచ్చేస్తి గదా.”