ఎండ సంగతి ముందే చెప్పిన వేదవతి గారు

2004 సెప్టెంబరు 12, ఆదివారం ఉదయం శ్రీమతి వేదవతి గారు దోహాలోని మన నిర్మాణ సంస్థలో వీసా విభాగపు గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించారు. కాకినాడలో పట్టభద్రులై, భర్త సుధాకరరావు గారి ఉద్యోగరీత్యా ఖతర్ చేరి, అల్ వక్రాలో కాపురం పెట్టిన ఆమెకు జీవితంలో అదే తొలి ఉద్యోగం. ఇసుకలోంచి ఊళ్ళకు ఊళ్ళే లేస్తున్న రోజులవి. కట్టవలసినవి కొల్లలు, కట్టే చేతులే ఈ దేశంలో చాలవు. ఏ పనికి ఎందరు కావాలో ప్రభుత్వానికి నివేదించి అనుమతి పొందడం, సంస్థను స్పాన్సరుగా చూపి వీసాలు తీయడం, వచ్చినవారికి వైద్య పరీక్షలు చేయించి, నివాస కార్డు ఇప్పించి, క్యాంపులో ఒక మంచం చూపించడం ఆ విభాగం కర్తవ్యం. ఆ పనినంతటినీ ఆమె అనతికాలంలోనే ఆకళింపు చేసుకున్నారు.

2011లో నియామక అధికారిణిగా పదోన్నతి పొందినది మొదలు, ఏటా చలికాలంలో ఆర్మూరుకు వెళ్ళి ఉత్తర తెలంగాణ పనివారిని స్వయంగా ఎంపిక చేసే బాధ్యత ఆమెకు సంక్రమించింది. తాపీ పని పరీక్షించడానికి చీర కట్టుకున్న ఆడమనిషి వచ్చిందని మొదట్లో మేస్త్రీలు నవ్వుకున్నారట. గోడ నిలువుగా ఉందో లేదో ఆమె తూకం గుండు వేలాడదీసి చూసేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి.

2014 డిసెంబరు ఎంపికలో నిర్మల్ ప్రాంతం నుంచి వచ్చిన పోశన్న అనే మేస్త్రీని వేదవతి గారు నేటికీ తలచుకుంటారు. పరీక్ష కోసం కట్టిన చిన్న గోడను అతడు మళ్ళీ తానే విప్పి, ఇటుకలన్నీ గీకి శుభ్రంగా పేర్చి పెట్టాడు.

“అది మీ పని కాదుగా, ఎందుకండీ?” అని ఆమె అడిగారు.

“సిమెంటు గట్టిపడితె ఇటుకలు ఖరాబయితయి మేడమ్. ఎనకొచ్చేటోనికి గావాలె గద.”

ఎంపికైనట్లు చెప్పగానే అక్కడే నిలబడి తల్లి బాలవ్వకు ఫోన్ చేశాడు. “అవ్వా, దుబాయ్ ఖాయమైంది!” అని అరిచాడు. “దుబాయ్ కాదండీ, ఖతర్” అని వేదవతి గారు సరిదిద్దితే, “మా అవ్వకు అన్నీ దుబాయే మేడమ్” అని పగలబడి నవ్వాడు. అతడితోపాటు ఆమె కూడా నవ్వేశారు.

మరుసటి ఆగస్టులో దోహా శివారు ముఐథర్‌లో మురుగుకాలువ పని చేస్తూ పోశన్న కుప్పకూలిపోయాడు. వేసవిలో చట్టం విధించిన మధ్యాహ్నపు విరామం మొదలుకావడానికి ఇంకా సమయం ఉంది. ఆస్పత్రికి చేర్చేటప్పటికే ప్రాణం పోయింది. గుండె ఆగిందని వైద్యులు రాశారు. అటువంటి సందర్భాల్లో సంస్థ పెట్టెను విమానంలో పంపి, ఊళ్ళో బంధువులకు కబురు చేయడం అప్పటి ఆనవాయితీ. వేదవతి గారు మాత్రం సెలవు పెట్టి అదే విమానమెక్కారు. ఎవరూ ఆమెను వెళ్ళమనలేదు. వెళ్ళవద్దన్నవారు మాత్రం ఉన్నారు.

అంత్యక్రియలు ముగిశాక బాలవ్వ ఆమెను పిలిపించింది.

“నువ్వేనా బిడ్డా, మా పోశన్నను ఏరుకొని తీస్కపోయిన మేడమ్‌వి?”

“అవునమ్మా.”

“ఆడ ఎండ ఎట్లుంటదో వానికి ముందుగాల్ల చెప్పినవా?”

జీతం గురించి చెప్పారు. భోజనం, డ్యూటీ, సెలవుల గురించి చెప్పారు. ఎండ గురించి చెప్పాలన్న ఆలోచనే ఆమెకు ఎన్నడూ రాలేదు. వడగాడ్పులకు అలవాటుపడిన ఊళ్ళవాళ్ళకు ఎండ గురించి చెప్పేదేముంటుందని అందరిలాగే ఆమె కూడా అనుకున్నారు. “లేదమ్మా, చెప్పలేదు” అన్నారు. బాలవ్వ గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. ఆ గ్లాసు వేదవతి గారి చేతిలోనే చల్లారిపోయింది.

ఆ ఏటి ఎంపికలకు కుటుంబాలను కూడా వెంటబెట్టుకుని రమ్మని ఆమె కబురు పంపారు. ఇంతకుముందు జీతంతో మొదలయ్యే మాట ఇప్పుడు ఎండతో మొదలైంది. “జూన్ వచ్చిందంటే అక్కడ గాలి కూడా కాలుతుంది. చెమట పట్టడం ఆగిపోయి తల తిరిగితే, ఉన్నచోటే పని ఆపి నీడకు చేరి కూర్చోండి. ఫోర్‌మన్ తిట్టినా లేవకండి. క్యాంపులో ఒక గదిలో ఆరుగురు ఉంటారు. ఇంట్లో ఎవరైనా పోయినా ఆఖరి చూపు అందకపోవచ్చు. అన్నీ విని, ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని, అప్పుడు సంతకం పెట్టండి” అని చెప్పేవారు. వింటూ వింటూనే లేచి వెళ్ళిపోయినవారున్నారు. భర్త చెయ్యి పట్టుకుని బయటకు నడిచిన ఇల్లాళ్ళూ ఉన్నారు.

రాస్ లఫాన్ పారిశ్రామిక నగరపు పనులకు మనుషులు చాలక సతమతమవుతున్న ప్రాజెక్టు మేనేజరు తల్హా గారికి ఇది సహజంగానే కంటగింపయింది. “మేడమ్, మీరు మనుషుల్ని తేవడానికి వెళ్తున్నారా, ఆపడానికి వెళ్తున్నారా?” అని నిండు సమావేశంలో నిలదీశారు. “నా సంతకం మీద వచ్చేవాళ్ళు తెలిసి రావాలి సార్” అని ఆమె బదులిచ్చారు. ఫలితంగా ఆ ఏడాది నియామకాలు పూర్తిగా ఒక ఏజెంటు పరమయ్యాయి. వేదవతి గారిని నివాస కార్డుల పునరుద్ధరణ కౌంటరులో కూర్చోబెట్టారు. ఏజెంటు చల్లని గోదాముల్లో పని అని నమ్మబలికి తెచ్చినవారు తొలి వేసవికే “మాఫీ డ్యూటీ”, అంటే డ్యూటీ లేదు పొమ్మని, క్యాంపులో కూర్చున్నారు. కొందరు జబ్బుపడి తిరిగి వెళ్ళారు. వెళ్ళే దారిలేని వారు పళ్ళు బిగపట్టి ఉండిపోయారు. వేదవతి గారి మాటే నిజమైందని కార్యాలయంలో చెప్పుకున్నారు గానీ, అందుకు ఆమె ఎన్నడూ సంతోషించలేదు. తిరిగి ఆర్మూరు వెళ్ళమని తల్హా గారే స్వయంగా కోరినప్పుడు, వేసవిలో చీకటితోనే పని మొదలుపెట్టి, ఎండ ముదరకముందే బయటి పనులు ఆపాలని ఆమె షరతు పెట్టారు. ఆయన అంగీకరించారు. నేటికీ మన సైట్లలో అదే పద్ధతి అమలులో ఉంది.

2023 జనవరిలో ఆర్మూరులో తల్లుల వరుసలో బాలవ్వ కూర్చుని ఉంది. చిన్నకొడుకు సురేందర్ అప్పటికే పరీక్ష నెగ్గాడు. వేదవతి గారు ఆమెను పక్కకు తీసుకువెళ్ళారు.

“అమ్మా, ఇతన్ని నేను తీసుకెళ్ళలేను.”

“ఎందుకు? వానికి పని రాదా?”

“పని బాగా వచ్చు. నాకే ధైర్యం చాలట్లేదమ్మా.”

“బోర్లు ఎండిపోయినయి బిడ్డా. బీడీలు సుట్టి ఎన్నొద్దులు సాదాలె? నువ్వు గాకుంటె ఇంకొకడు తీస్కపోతడు. ఆడు ఎండ ముచ్చట చెప్తడా?”

వేదవతి గారు తిరిగి వచ్చి, ఆ తల్లి ఎదుటనే సురేందర్‌కు అన్నీ చెప్పారు. ఒక్క మాట కూడా దాచలేదు. బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా విన్నది. “పెద్దోనికి చెప్పకపోతివి. వీనికన్న చెప్తివి” అన్నది. అది నిష్ఠూరమో, క్షమించడమో వేదవతి గారికి ఈనాటికీ తెలియదు. అది తెలియకుండానే అతడి నియామకానికి సంతకం చేశారు.

గత జూలైలో రాస్ లఫాన్‌లో ఉదయపు పనిలోనే సురేందర్‌కు తల తిరిగింది. పని వదిలేసి నీడలో చతికిలబడ్డాడు. ఫోర్‌మన్ “యల్లా, యల్లా!” అని తొందరపెడుతూ మీదికి వచ్చాడు. అతడు లేవలేదు. చివరకు అంబులెన్సు వచ్చింది. మూత్రపిండాలు దెబ్బతినకముందే తీసుకువచ్చారని వైద్యులు అన్నారు. కోలుకున్నాక అతడు నేరుగా మన కార్యాలయానికి వచ్చి వేదవతి గారి బల్ల ముందు నిలబడ్డాడు.

“మేడమ్, కూసున్న. బూతులు తిట్టిండు. అయినా లేవలే.”

ఆమె కుర్చీ కిటికీవైపు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఇన్నేళ్ళలో ఆమె కంటతడి పెట్టడం సహోద్యోగులు చూసినది ఆ ఒక్కసారే.

వేలాది మందిని ఈ దేశానికి పిలిపించిన ఆ చేయి ఈ నెలాఖరున విశ్రమిస్తున్నది. పని కోసం మనుషులు ఇంకా వస్తూనే ఉంటారు, ఎండలూ తగ్గవు. ఆమె స్థానంలో కూర్చునేవారు ఇంటర్వ్యూలో తొలి మాటగా ఏమి చెబుతారన్నదే మనందరి ముందున్న ప్రశ్న. సుధాకరరావు గారితో, కుమార్తె ఇంద్రజతో కాకినాడలో స్థిరపడినా తన ఫోన్ నంబరు మాత్రం మార్చబోనని, ఆ నంబరు ఎందరో తల్లుల దగ్గర ఉందని వేదవతి గారు మొన్న మాతో అన్నారు. ఆ తల్లులు ఆమెకు ఫోన్ చేసినప్పుడల్లా గేదె ఈనిందనో, మనవరాలు పది పాసయిందనో, కొడుకు సెలవు మీద క్షేమంగా ఇల్లు చేరాడనో చెప్పాలని, ఆ కబుర్లు వింటూ ఆమె సంపూర్ణ ఆరోగ్యంతో, నిశ్చింతగా నిద్రపట్టే రాత్రులతో నిండు నూరేళ్ళు జీవించాలని సహోద్యోగులమందరం మనసారా కోరుకుంటున్నాం.