మెట్ల కింద ఒక్కతే

చెల్లెలు చదువుకోడానికి ప్రాగ్ వెళ్లి మూడు రోజులైంది. మధ్యాహ్నం యూనివర్సిటీ చూడబోయి, లైబ్రరీ మెట్ల కింద దాక్కుని, ఎల్లారెడ్డి ఊళ్లో బీడీలు చుడుతున్న అక్కకు ఫోన్ చేసింది.

“అక్కా, యుద్ధం వచ్చినట్టుంది. ఊరంత సైరన్ కొడుతున్నరు. ఇనవడుతుందా?”

“ఇనవడుతుంది. జనం ఉరుకుతున్నరా?”

“లేదక్కా. బెంచీల మీద కూసోని రొట్టె తింటున్నరు.”

“నీ లెక్క ఎవలన్న దాసుకున్నరా?”

“నేనొక్కదాన్నే.”

“బాంబులు పడుతుంటే రొట్టె ఎట్ల తింటరే? పోయి అడుగు.”

“నా ఇంగ్లీషుకు నవ్వుతరు.”

“మన బీడీలు బాగలేవని పారవోసిన సేటును పన్నెండేండ్లప్పుడే నిలదీసినవు. గప్పుడు ఎవలన్న నవ్విండ్రా? ఫోన్ కట్ చెయ్యకు. లే.”

గట్టిగానే అంది కానీ, అక్క చేతిలో బీడీ ఆకు చినిగిపోయింది. ఫోన్‌ అవతల అడుగుల చప్పుడు, చెల్లెలి ఇంగ్లీషు, తర్వాత ఎవరో ముసలాయన మాట వినిపించాయి. సైరన్ ఆగింది.

“అక్కా, ఉత్తగ సైరన్ పరీక్ష చేసుడేనట. నెలకోసారి, మొదటి బుధవారం కొడతరట. గీడ చిన్నపిల్లలకు సుత ఎరుకేనట.”

“మరింక ఏడుస్తవేందే?”

“నేను మెట్ల కిందికి దూరుతుంటే అందరు చూసిండ్రక్కా. ఒక్కలన్న చెప్పలే. నిజంగ బాంబులు పడ్డ దినం చెప్తరా?”

అక్క చినిగిన ఆకును పక్కన పెట్టింది.

“చెప్పరు. అందుకే అడుగుడు నేర్చుకో. మొదలు గా ముసలాయన పేరేందో అడుగు. నేను లైన్లనే ఉన్న.”