రాయి కింద పెట్టేదాకా

పంజాగుట్ట సందులో ఉన్న సమత విడిదిలో, కూలీనాలీ జనం తమ హక్కులు తెలుసుకునే వేసవి శిబిరం నడుస్తోంది. హాలు గడపకు అడ్డంగా కథల తాత రాజనర్సయ్య, చేతిలో నున్నటి రాయి పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా రాఘవేందర్, చెల్లెలిని తీసుకుపోవడానికి వచ్చినవాడు, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"...గంత పెద్ద పుచ్చకాయ అన్నట్టు. మా ఎద్దు దానికి తొర్ర పెట్టి, తినుకుంట తినుకుంట లోపలికే పోయింది. పొద్దుగూకి చూస్తే తోక ఒక్కటే బయటికి ఉన్నది."

"తాతా, నేను కథలు వినేటందుకు రాలె. మా చెల్లె దివ్యశ్రీని పిలువు."

"పిలువనని ఎవలన్నరు బిడ్డా? కానీ గిప్పుడు వినే గంట. గీ రాయి ఎవల చేతిల ఉంటే వాళ్లే మాట్లాడాలె. కింద పెట్టేదాంక లోపలికి ఒకరు పోరాదు, బయటికి ఒకరు రారాదు. గీ విడిదిల ఎండకాలమంత గదే పద్ధతి."

"అయితే కింద పెట్టు."

"ఎట్ల పెడ్త? ఎద్దు ఇంక కాయలనే ఉండె."

"పరాచికాలొద్దు. పక్కకు జరుగుతవా, నన్ను జరపమంటవా?"

"జరుపు. కానీ నా ఒంట్ల ఉన్నయి పాత బొక్కలు. ఒక్కటి కదిలితే అన్ని రాల్తయి. ఏ బొక్క ఏడిదో చూసుకొని మళ్ల నువ్వే పెట్టాలె."

"బాపు బయట ఆటోల కూసున్నడు తాతా."

"ఎండల ఎందుకు? లోపలికి రమ్మను, ఇంత సల్ల తాగుతడు."

"లోపలికొస్తే సల్ల తాగడు. మా చెల్లెను జుట్టు పట్టి గుంజుకపోతడు. అందుకే నేనొచ్చిన."

"గంత కోపమెందుకో."

"నీకు తెల్వదా?"

"నేను కథలు చెప్పెటోన్ని. నాకేం తెలుస్తది?"

"మా అపార్ట్‌మెంట్ల ఇండ్లల్ల పని చేసే చిలకమ్మ పడ్డది. రెండు కాళ్లు ఇరిగినయి. మెట్ల మీద జారిందని ప్రెసిడెంటు రామ్మోహనరావు సారు అంటుండు. మా దివ్యనేమో, సారే కిటికీ అవతల సజ్జ మీద నిలవడి అద్దాలు తుడువమన్నడు, నడుముకు తాడు సుత కట్టుకోనియ్యలే, నేను చూసిన అని మీ శిబిరంల అందరి ముందు చెప్పింది. ఇయ్యాల ఖైరతాబాద్‌ల లేబర్ ఆఫీసరు ముందట చెప్తదట."

"చెప్పనియ్యరాదు. చూసినోళ్లు ఇయ్యాల రాకపోతే చిలకమ్మ మాట ఎవలు నమ్ముతరు?"

"చెప్తె రేపటికల్ల సెల్లార్ రూము ఖాళీ చెయ్యమన్నడు సారు. బాపు వాచ్‌మన్ కొలువు పోతది. అమ్మ గ్యాసు పొయ్యి నెత్తిన పెట్టుకొని ఏడికి పోవాలె? నీ పుచ్చకాయ లోపలికా?"

"పోరాదు. జాగ మస్తు ఉంటది. మా ఎద్దు అండ్లనే ఈనింది సుత."

"ఎద్దు ఈనిందా?"

"ఎద్దు అన్ననా? ఆవు, ఆవు."

"ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనెటోని లెక్క కనవడ్తున్ననా నీకు?"

"లేదు బిడ్డా. కట్టేస్తనంటే పలుపు ఇద్దామనుకున్న."

"తాతా, జర మంచిగ చెప్తున్న... ఒక్క నిమిషం. దివ్య చెప్పులేవి?"

"ఏ చెప్పులు?"

"గులాబి రంగుయి. మొన్న నేనే కొనిచ్చిన. గడప కాడ అందరియి ఉన్నయి, దానియి లెవ్వు."

"పిల్లి ఎత్తుకపోయిందేమో. మా ఊర్ల ఒక పిల్లి ఉండె, ఎండకు కాళ్లు కాలుతున్నయని..."

"తాతా."

"ఊఁ."

"అది లోపల లేదు. మాట్లాడు. రాయి నీ చేతిలనే ఉన్నది గద."

"లేదు బిడ్డా."

"ఎప్పుడు పోయింది?"

"నువ్వు గేటు కాడ ఆటో దిగంగనే. గీ శిబిరం నడిపే జీవమణి మేడం వెనక సందు కెల్లి తోలుకపోయింది."

"అంటే గీ ఎద్దు, గీ కాయ, అంత నన్ను ఆపెటందుకేనా?"

"నీకు ఎద్దు సరిపోతదనుకున్న. మీ బాపు వస్తే తీద్దామని ఏనుగును దాచిపెట్టిన."

"నవ్వకు తాతా. ఎట్ల పోయిన్రు? మెట్రోనా? మెట్రోనే. పంజాగుట్టల ఎక్కితే బాపు చూస్తడు. అమీర్‌పేట దాంక నడిచిపోయిన్రు, అంతేనా? అయితే ఇంక రైలు సుత ఎక్కి ఉండరు. మా ఆటో ముందుగల్ల పోతది. ఆఫీసు గేటు కాడనే పట్టుకుంట."

"పట్టుకుంటవు. కాళ్లు ఉన్నోనివి."

"ఏమన్నవు?"

"ఏమనలే. చిలకమ్మను దవాఖానల చూసినవా?"

"నాకేం పని?"

"ఆమె నీకేమైతది?"

"ఏం గాదు. పని చేసేటామె. అందరిండ్లల్ల చేస్తది."

"ఊఁ."

"మేం చిన్నగున్నప్పుడు లిఫ్టు ఎక్కనియ్యకపోతుండె మమ్ముల. వాచ్‌మన్ పోరలని. ఆమెనేమో ఇండ్లల్ల మిగిలిన చపాతీలు కొంగుల కట్టుకొని వచ్చి, మెట్ల కింద నాకొకటి, దివ్యకొకటి... గిదంత నీకెందుకు చెప్తున్న?"

"నాకెరుకనా? రాయి సుత లేదు నీ చేతిల."

"దివ్యకు చిన్నతనం తాతా. సజ్జ మీద నిలవెట్టిండో, మెట్ల మీదనే జారిందో, దానికేం తెలుసు?"

"నీకు తెలుసా?"

"నేను బండ్లు కడుగుతుండె. కింద."

"కింద కెల్లి సజ్జ కనవడ్తదా?"

"ఫోన్ వస్తుంది. బాపు."

"ఎత్తు."

"ఎత్తితే ఏం చెప్పాలె?"

"ఎత్తకపోతే లోపలికొస్తడు."

"కట్ అయింది."

"అయితే వస్తుండు. గేటు చప్పుడైంది."

"గంతసేపు ఏం చేస్తున్నవ్‌రా రాఘవా? అది ఏది?"

"బాపు..."

"దండం పటేలా. ఎండల పడొచ్చినవు, ఇంత సల్ల..."

"ఎవలయ్య నువ్వు? జరుగు. దివ్యా, బయటికి రా."

"జరుగుత గని, వినే గంట నడుస్తుంది. గీ రాయి..."

"ఏందయ్య నీ రాయి? సారు అప్పటిసంది ఫోన్ మీద ఫోన్ చేస్తుండు. దాన్ని ఇంట్లేసి గొళ్లెం పెట్టిన అని చెప్పాలె నేను. రాఘవా, అటు ఇటు చూడకు. నా మొఖం చూసి చెప్పు. అది లోపల ఉన్నదా, ఖైరతాబాద్ పోయిందా?"

"తాతా, గా రాయి ఇటియ్యి."

"ఎందుకు బిడ్డా?"

"ఇయ్యి."

"ఏందిరా గిది? ఆటో పొమ్మంటవా, ఉండమంటవా?"

"పొమ్మను. కూసో బాపు. రాయి నా చేతిల ఉన్నది, కింద పెట్టేదాంక ఎవలు లేవరాదు. ఒక ఊర్ల ఒక ఎద్దు ఈనింది."