కార్టహేనాల పెట్టుకున్న పువ్వు

“ఆంటీ, కొలంబియాకు మీరొక్కరే పోయొచ్చిన్రంట, నిజమేనా?”

ఒక్కదాన్నే అంటే... పూరాగ ఒక్కదాన్ని గాదు సింధూ. మార్తా ఉండె తోడు. నువ్వప్పటికి మా ఇంటెనక గ్రానీఫ్లాట్ల కిరాయికి రాలే. ఈడ మన బ్లాక్‌టౌన్ల చైల్డ్‌కేర్‌ల నేను వంటజేస్తుంటి గదా, మార్తా ఆడ నాతోని పనిజేసేది. ఆమెది కార్టహేనా, సముద్రం ఒడ్డుకు పాత ఊరు. ఇద్దరం రిటైర్ అయినంక, మా ఊరికి పోతున్న, నువ్వు గూడ రా అన్నది. మావోడు వద్దన్నడు. మోకాళ్లన్నడు, బీపీ అన్నడు, భాష రాదన్నడు. ఈ వయసుల ఎందుకు మమ్మీ అంటడు. మరి ఏ వయసుల పోవాల్నిరా, నీ పిల్లల్ని పెంచేటప్పుడు పోనిచ్చినవా అన్న. మూతి ముడుచుకొని టికెట్ బుక్ జేసిండు.

ఏం రంగులు బిడ్డా ఆ ఊర్ల. ఒక ఇల్లు పసుపు, పక్కది నీలం, దాని పక్కది జాజు రంగు. కట్టె బాల్కనీలకెల్లి కాగితం పూలు కిందికి జారుతుంటయి. ఊరు చుట్టు కోటగోడ, దాని మీదనే జనం షికారు జేస్తరు. ఎండ మాత్రం మన హన్మకొండ ఎండనే అనుకో. మార్తా నీడకు కూసుందామన్నది. నేనినలే, గోడ పొడుగూత నడిచిన. మోకాళ్లు నొయ్యలేదా అంటే నొచ్చినయి. నొయ్యనియ్.

ఏం చెప్తున్న... ఆఁ, పువ్వు. మీ అంకుల్ పోయినకాన్నుంచి నేను పువ్వు పెట్టలే. మా చిన్నప్పుడు పావలాకు మూరెడు మల్లెలొస్తుండె, జడ నిండ పెట్టేదాన్ని. అన్ని బందువెట్టిన. ఎవ్వరు చెప్పలే... లే, చెప్పిన్రు. మా ఆడబిడ్డ సరోజ చెప్పింది, దినాల నాడే. ఇగ తెల్లచీర, లేకుంటే బూడిద రంగుది. ఆ ఊరికి గూడ గట్లనే పోయిన.

ఆడ చౌరస్తాల ఒకామె పండ్లు అమ్ముతున్నది, నా ఈడుదే. ఒక్క గౌనుకే ఎరుపు, పసుపు, నీలం, అన్ని రంగులు. మామిడికాయ కోసి, ఉప్పేసి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. నా దిక్కు చూసి మార్తాను ఏందో అడిగింది. ఏమంటున్నదే అంటే, ఈమె ఇంట్ల ఎవరన్న పోయిన్రా, ఇట్ల కట్టింది అంటున్నదని చెప్పింది. మొగడు పోయి చాన ఏండ్లయిందని మార్తా చెప్తే, ఆమె మా ఆయన గూడ పోయిండు అన్నదట. తన తలల ఎర్రపువ్వు తీసి నా జడల పెట్టింది.

తీసేద్దామని చెయ్యి లేపిన. మల్ల ఆగిన. ఎవలకోసం తియ్యాలె, చెప్పు?

మార్తా ఫోటో కొడితే నేనే ఫ్యామిలీ గ్రూప్‌ల పెట్టిన. హన్మకొండకెల్లి సరోజ ఫోను.

“వదినె, నలుగురు చూస్తరు. తీసెయ్.”

“చూడనియ్ సరోజా. చూడాల్ననే పెట్టిన.”

ఫోన్ కట్ జేసింది. చాన్నాళ్లు మాట్లాడలే. నేను గూడ బతిమాలలే. తిరిగొచ్చిననాడు మావోడు ఎయిర్‌పోర్ట్‌ల నా జడ దిక్కు చూసిండు, సూట్‌కేస్ అందుకున్నడు. ఇప్పుడు రోజూ పెట్టుకుంట, గుడికి గూడ. చూసేటోళ్లు చూస్తరు.

పోయినేడు సరోజ వాళ్లాయన గూడ పోయిండు పాపం. మొన్న తనే ఫోన్ జేసింది. ఆ మాట ఈ మాట మాట్లాడి, మెల్లగ అడిగింది, వదినె, ఆ ఊరికి పోవాల్నంటే నాకు గూడ వీసా ఇస్తరా అని.

ఇస్తరు, ఎందుకియ్యరు. నేను తోల్కపోత. నువ్వు గూడ బిడ్డా, యూనిల సదువు అయిపోంగనే ఎటు మనసైతే అటు పో, ఎవల్నీ అడగకు... సల్లగుండు. మావోడు ఇంటున్నడేమో, ఇననియ్...