గీతకు జానెడు దూరంలో

హలో… ఆ, నేనేనే చెల్లీ, అక్కని. ఇంకా ఇంట్లోనే ఉన్నారా?… సర్దుతున్నావా అని కాదు, బయల్దేరారా అని అడుగుతున్నా.

ఏమంటాడు మీ ఆయన?… మ్యాపులో తుఫాను గీత మీ ఊరికి ఉత్తరంగా పోతోందనా? ఓరి నాయనో! ఆ గీత తుఫానుకి నడిమధ్య మాత్రమే, అంచు కాదు. లారీ మీదకొస్తుంటే, రోడ్డు మధ్య గీత మీద లేను కదా అని పక్కన జానెడు దూరంలో నిలబడతారటే ఎవరైనా?

నా దగ్గరా మ్యాపుంది. టేబుల్ మీద పరిచి, వార్తల్లో చెప్పిన చోటల్లా ఓ గుండీ పెడుతున్నా… మీ బావగారి చొక్కావే. ఫ్యాను వేస్తే మ్యాపు లేచిపోతోంది. బయట గాలి సంగతి తెలుసుకోడానికి ఇంట్లో గాలి ఆపుకుని కూర్చున్నా.

ఉండు, మళ్లీ చెప్తున్నారు…

…చెల్లీ. కిందికి, మీ వైపు తిరిగింది. ఈ గుండీకీ మీ ఇంటికీ మధ్య నా చిటికెన వేలు పట్టట్లేదు.

చీకటి పడేలోగా మీ ఊరి వంతెన మూసేస్తారట… ఏడవకు. ఆయన్ని వదిలి రావు, తెలుసు. ఫోను ఆయనకివ్వు.

మరిదిగారూ!… ఆ, ఆ, మీకు భయమేంటండీ. భయం నాకు! మా ఆయన డ్యూటీలో ఉన్నారు, ఇక్కడ నీళ్ల మోటారు ఆగిపోయింది. కరెంటు పోయేలోగా ట్యాంకు నింపుకోవాలి…

మెకానిక్కా? వచ్చి చూశాడు. అసలు బిగించిన తీరే బాలేదన్నాడు… అవును, మీరు బిగించిందే… అయ్యో, నేననలేదండీ, వాడన్నాడు!… 'ఎవడో చేయి తిరగనివాడు' అని కూడా…

ఇప్పుడేనా? ఈ గాలిలో మీకెందుకు శ్రమ… సరే, మీ ఇష్టం. చెల్లిని కూడా తీసుకురండి, టార్చి పట్టుకోడానికి.

…చెల్లీ, నవ్వకు, వినపడుతుంది. బండి తీస్తున్నాడా?… చెప్పులు కూడా మర్చిపోయాడా! నువ్వు పట్టుకురా. మందులు, ఇంటి కాగితాలు బ్యాగులో వేసుకో. వంతెన దాటగానే ఫోన్ చెయ్యి. దాటేదాకా నా ప్రాణం ఈ గుండీ మీదే ఉంటుంది.

ఏ హోరు?… గాలి కాదే, మోటారు. నిక్షేపంలా తిరుగుతోంది…

అదే కదా నా బాధ! మీరొచ్చేలోగా పాడుచెయ్యాలి. ఏది పీకితే రెండ్రోజుల పని పడుతుందో కాస్త ఆయన్నడిగి… ఛ, వద్దొద్దు, అడక్కు!

వెళ్లండి, వెళ్లండి. పెట్టేస్తున్నా.