బొటనగోరు

మోంటెక్రిస్టి ఊళ్లో, ఆకు పోగులతో అల్లే టోపీల కొట్లో మరిది గోళ్లు తీసే కత్తెర తెచ్చి వదిన ముందు పెట్టాడు. ఎల్లుండి ఇద్దరూ టోపీలు అమ్మడానికి ఫ్లోరెన్స్ వెళ్లాలి. ఆమెకి విమానమెక్కడం ఇదే మొదలు.

"ఆ బొటనగోరు తీసెయ్ వదినా. డేగ గోరులా ఉంది. అక్కడ అందరితో చెయ్యి కలపాలి, పరువు పోతుంది."

"గోటితో చీల్చకపోతే ఆకు పోగులవుతుందా? టోపీ నీ మాటలతో అల్లుకుందనుకున్నావా?"

"అక్కడ నువ్వేం అల్లక్కర్లేదు. నవ్వుతూ నిలబడు చాలు. మాట్లాడేది నేను."

"ఇరవయ్యేళ్లుగా మాట్లాడేది నువ్వేగా."

"గోరేగా, మళ్లీ పెరుగుతుంది."

"మూడు నెలలు పడుతుంది. అందాకా మీ అమ్మ అల్లుతుందా?"

"మొండికేస్తే కొట్లో టోపీలమ్మే పిల్లని తీసుకెళ్తా. ఇవన్నీ తనే అల్లిందని చెప్తా."

"చెప్పు. కొనేవాడు ఆకు చేతికిచ్చి చీల్చమంటే ఏం చేస్తుంది? నవ్వుతుందా?"

అలా అడగరని మరిదికీ నమ్మకం లేదు. ఆమె లేచి, ఉడకబెట్టి ఆరబెట్టిన ఆకుకట్ట తెచ్చి, ప్రయాణానికి సర్దిన పెట్టెలో అతని కొత్త కోటు మీద పెట్టింది.

"నేను అక్కడ నిలబడను. నేలమీద కూర్చుని అల్లుతా. నువ్వు మాట్లాడుకో, వినేవాడుంటే."