అందుకునే గొంతు

అధ్యక్షులు దాసు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఫలహారం అందేవరకు లేవరని నాకు గట్టి నమ్మకమున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ముప్పైమూడేళ్ల ఉద్యోగంలో నేను చేసిన ఏకైక నిబంధనోల్లంఘనను ఈ వీడ్కోలు సభలో మీ ముందు ఒప్పుకుని వెళ్లడం ధర్మమనిపించింది. రెండేళ్ల కిందట, తొంభై ఎనిమిదిలో, మన చోడవరం సాంస్కృతిక కార్యాలయానికి కంప్యూటర్ విచ్చేసింది. దానికి ఏసీ గది, బొట్టు, ముసుగు, చెప్పులు బయట విడవాలన్న బోర్డు అమర్చాము. ఆపరేటరు కాక ఒక్కరే లోనికి రావాలన్న నిబంధన నా స్వహస్తాలతో రాసినదే. వరినాట్లప్పుడు పాడే ఊడుపు పాటలు భద్రపరచమని పైనుంచి తాఖీదు వస్తే, చీడికాడ నుంచి అచ్చియ్యమ్మ గారిని రప్పించాము. ఎనభై దాటిన ఆమెకు తప్ప ఆ పాటలు మరెవరికీ రావు. ఆమె ఒక వరస, అంటే పాటలో ఒక పాదం, పాడి ఆగేవారు. మన ఆపరేటరు రేవతి, పాట ముగిసిందనుకుని, ఇంకొకటి పాడమనేది. అలా ఒక్క పూటలో ఇరవై రెండు పాటలు 'సంపూర్ణం' అయ్యాయి. నివేదిక పంపాను. అభినందన పత్రం వచ్చింది. అదిగో, గోడమీద ఉన్నది అదే.

వారం పోయాక విని చూస్తే, పాటకొక్క వరస మాత్రమే ఉంది. నేనే చీడికాడ వెళ్లి, మిగతావి ఎందుకు పాడలేదని కాస్త అధికారంగానే అడిగాను.

"నానెత్తితే అందుకున్నోళ్లేరీ బాబూ? అందుకోకపోతే తరవాతది నోటికి రాదు" అన్నారామె.

మడిలో ఒకరెత్తిన వరసను మిగిలినవారు తిరిగి పాడితేనే పాట ముందుకు నడుస్తుందని, చిన్నతనమంతా గట్ల మీద గడిపిన నాకు తోచనే లేదు. ఆమె జట్టువారెవరూ ఇప్పుడు లేరు. అందుచేత ఆమెను మళ్లీ తీసుకొచ్చి, నా నిబంధనను నేనే దాటి లోనికి వెళ్లి, ప్రతి వరసా నేనే అందుకున్నాను. నా గొంతు సంగతి మా ఇంటివారికి తెలుసు. (నవ్వులు) సిగ్గుపడుతుంటే ఆమే ధైర్యం చెప్పారు: "గొంతుతో పనేటి బాబూ, టయానికందుకో, సాలు."

ఇరవై రెండూ వచ్చాయి. కనుక రేపటి నుంచి నేను ఇంట ఉన్నా, నా గొంతు పదవీవిరమణ లేకుండా ప్రభుత్వ సేవలో ఉంటుంది. తృప్తిగానే వెళ్తున్నాను. ఒక్కటే వెలితి. ఆ యంత్రం మనం ఎత్తిన పాటను ఎత్తినట్టే వినిపిస్తుంది గాని, తాను అందుకోదు.

అచ్చియ్యమ్మ గారు ఇక్కడే, అధ్యక్షుల పక్కన ఉన్నారు. ఆదరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. దండలు పక్కన పెట్టండి. ఆమె ఇప్పుడొకటి ఎత్తుతారు. అందుకోవడం మీ వంతు. నాకు సెలవు.